లైసెన్సు నంబరు ఒకటి గారు

కడలి మాణిక్యం ఇంటి ముందుగదిలో శ్లాబు మూడు చోట్ల కారుతోంది. మొదటి చోట బకెట్టు పెట్టింది. రెండో చోట పప్పు కడిగే గిన్నె పెట్టింది. మూడో చోట ఏమీ పెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ కుట్టుమిషను ఉంది. మిషను జరుపుదామంటే కిటికీ వెలుతురూ కరెంటు ప్లగ్గూ రెండూ కలిసి దొరికే చోటు ఆ గదిలో అదొక్కటే. కారే శ్లాబులకు ఇలాంటి విషయాలు భలే తెలుస్తాయి.

అప్పటికి ఆషాఢం పది రోజులు గడిచింది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక కంచుపేటలో దర్జీలకు కాస్త ఊపిరాడుతుంది. శ్రావణం వచ్చిందంటే ఊళ్లో ప్రతి ఆడమనిషికీ ఒక పట్టు జాకెట్టు గుర్తొస్తుంది. మాణిక్యం బీరువాలో అప్పటికే అరవై రెండు జాకెట్ల గుడ్డలు వరసగా మడతపెట్టి ఉన్నాయి. పట్టు మీద ఒక్క చుక్క పడితే మరక, ఒక్క మరక పడితే ఇరవై ఏళ్లుగా సంపాదించుకున్న పేరు గోదాట్లో కలిసినట్టే. శ్రావణ పాడ్యమి లోగా శ్లాబు బాగుపడాలి. ఆమెకు కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

ఆ పనికి సత్తిరాజు మేస్త్రి ఉన్నాడు. ఆ ఇల్లు కట్టిందీ అతనే, ఆ వీధిలో సగం ఇళ్లు కట్టిందీ అతనే. నిచ్చెన వేసుకుని పైకెక్కి, తాపీ మొనతో అక్కడక్కడ తట్టి, చెవి ఆనించి విని, దిగి వచ్చాడు.

"నాలుగు రోజుల పనండి మాణిక్యంగారూ. పైన పాడైందంతా చెక్కేసి కొత్త పూత పోసేత్తే ఇంక మీరు ఆ వైపు చూడక్కర్లేదు. రేపే మొదలెట్టేత్తాను."

మొదలెట్టేవాడే. కానీ ఆ సాయంత్రమే మైకు కట్టిన ఆటో ఒకటి వీధిలోకి వచ్చింది. "పురప్రజలకు విజ్ఞప్తి. ఇకమీదట ఏ నివాస గృహమునందైనను, సక్రమముగా లైసెన్సు పొందిన గృహ గుత్తేదారు స్థలమునందు లేనిదే, ఒక్క మేకు కొట్టుట గాని, కొట్టిన మేకు పీకుట గాని నేరము. అతిక్రమించినవారి ఇంటికి సీలు వేయబడును."

సంగతేమిటంటే, మునిసిపాలిటీ పెద్దసారు ఎక్కడో మూడు రోజుల సదస్సుకు వెళ్లి వచ్చారు. వస్తూ వస్తూ ఒక భుజం సంచీ, ఒక నీళ్ల సీసా, ఒక ఆలోచన తెచ్చుకున్నారు. మొదటి రెండూ ఇంట్లో ఉంచుకుని మూడోది ఊరికి ఇచ్చేశారు.

మర్నాడు మాణిక్యం మునిసిపల్ ఆఫీసుకు వెళ్లింది. ఈ పనికోసమే కొత్తగా ఒక ఉద్యోగం పుట్టింది, ఆ ఉద్యోగంలో శరభయ్యగారు కూర్చున్నారు. హోదా పేరు గృహ మరమ్మతుల నియంత్రణాధికారి. మనిషి చెడ్డవాడు కాదు. తెల్ల చొక్కా, జేబులో నాలుగు రంగుల పెన్నులు, ఏ ఫైలు ముందుకొచ్చినా దాంట్లో ఒక కొర్రీ వెతికి పెడితే గాని అన్నం సయించని నిష్ఠ.

"లైసెన్సున్న మేస్త్రీలెవరో చెప్తే పిలుచుకుంటానండి" అంది మాణిక్యం.

"మేస్త్రి అనరాదు. గృహ గుత్తేదారు అనవలెను" అన్నారు శరభయ్య. "సదరు వ్యక్తుల జాబితా సిద్ధంగానే ఉంది." బీరువాలోంచి అట్ట వేసిన లావుపాటి పుస్తకం తీసి ఆమె ముందు తెరిచారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తెల్లగా ఉంది.

"పేర్లేవండి?"

"జాబితా వేరు, పేర్లు వేరు. జాబితా తయారు చేయుట మా విధి. పేర్లు అర్హతను బట్టి వాటంతట అవి రావలెను."

"అర్హతేంటండి?"

"లైసెన్సు పొందిన గుత్తేదారుగా మూడేళ్ల అనుభవం."

మాణిక్యం ఖాళీ పేజీ మరొకటి తిప్పింది. "మరి అందరికన్నా మొదటోడికి లైసెన్సు ఎలాగొస్తదండి?"

"మొదటివాని విషయము పరిశీలనలో ఉంది."

"ఎప్పటికి తేలుద్దండి?"

శరభయ్యగారు గోడమీద క్యాలెండరు చూశారు. "శ్రావణం వెళ్ళాక రండి."

ఆమె ముఖం చూసి జాలేసిందో, లేక నిబంధన గుర్తొచ్చిందో, అంతదాకా ఆగలేనివారికి దగ్గర దారి ఒకటి చెప్పారు. రాత పరీక్ష రాయాలి, తర్వాత పని స్థలంలో ఏడు రోజులు మూడు పూటలా ట్యాబులో హాజరు పడాలి. ఆ ట్యాబు కొత్తది. మనిషి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే ఎవరో గుర్తుపట్టి, ఆడగొంతుతో చెబుతుంది.

పరీక్షకు ఊళ్లో ముప్ఫై ఇద్దరు మేస్త్రీలు కూర్చున్నారు. తప్పు జవాబుకు మార్కులు కోత. మొదటి ప్రశ్న, "ఇటుక అనగానేమి? సోదాహరణముగా వివరింపుము." సత్తిరాజు తలగోక్కుని బయటికి వెళ్లి, ఒక ఇటుక తెచ్చి జవాబు పత్రం మీద పెట్టి వచ్చాడు. దానికి సున్నాకు ఐదు కింద వేశారు, పరీక్ష గదిలోకి నిర్మాణ సామగ్రి తెచ్చినందుకు ఇంకో ఏడు కోశారు. తక్కిన ముప్ఫై ఒక్కరూ కూడా సున్నాకు కిందే ఎక్కడెక్కడో ఉన్నారు.

హాజరు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. పొద్దున్న గళ్ల చొక్కాతో నిలబడితే ట్యాబు "సత్తిరాజు" అంది. మధ్యాహ్నం బనీనుతో, ఒళ్లంతా సిమెంటుతో నిలబడితే "అపరిచిత వ్యక్తి" అంది.

"మీ ఇద్దరిలో అసలు సత్తిరాజు ఎవరో తేల్చుకుని రండి" అన్నారు శరభయ్య.

మాణిక్యమూ సత్తిరాజూ వెనక్కి బయలుదేరారు. ఇంటి మలుపు దగ్గర అతను, "అద్దంలో చూసుకుని చెప్పాల్సొచ్చేలా ఉందండి" అన్నాడు.

ఆ వారం వాన పట్టుకుంది. మిషను మీద చుక్కపడిన చప్పుడు వింటే మాణిక్యం గుండె మీద పడినట్టుండేది. మూడో రోజు ఇక ఆగలేకపోయింది. "మేస్త్రీ, సీలేస్తే వేసుకుంటారు. వెనకవైపు నించి పైకెక్కి ఎవరికంటా పడకుండా కానిచ్చెయ్" అంది.

"చేసేత్తానండి. ముందు దిష్టిబొమ్మ కట్టండి."

"దొంగచాటు పనికి దిష్టిబొమ్మేంటి మేస్త్రీ?"

"దొంగచాటు పనికే దిష్టి గట్టిగా తగులుద్దండి. ముప్ఫై ఏళ్లలో బొమ్మ కట్టకుండా పని మొదలెట్టింది లేదు. ఈ ఒక్కటీ నా చేత చేయించకండి."

అతను అన్ని విషయాల్లోనూ సర్దుకుపోతాడు గాని ఆ విషయంలో కొండ. ఇక బొమ్మ అంటే మామూలుగా చిరిగిన చొక్కాలో గడ్డి కూరి, కుండకు సున్నంబొట్లు పెట్టి, బొగ్గుతో మీసం గీసేసి వదిలేస్తారు. మాణిక్యం దగ్గర అలా కుదరదు. టైలరమ్మ గుమ్మం మీద వంకర కుట్టు వేలాడితే రేపు జాకెట్టు గుడ్డ ఎవరు తెస్తారు? అలమర అడుగున ఒక బిస్కెట్ రంగు సఫారీ జత ఉంది. నడుం వదులు చేయమని ఏడేళ్ల కిందట ఎవరో ఇచ్చి మళ్లీ రాలేదు. నడుం కుట్లు విప్పి, వదులు చేసి, ఇస్త్రీ చేసి, అందులో గడ్డి కూరింది. పొట్ట దగ్గర రెండు గుప్పిళ్లు ఎక్కువే పెట్టింది. వానకు మీసం కరిగిపోకుండా సత్తిరాజు తన పచ్చ హెల్మెట్టు కుండ మీద బోర్లించాడు. ఆ బొమ్మను తెచ్చి డాబా పిట్టగోడకు ఆనించి నిలబెట్టి కడితే, వీధిలో ఇద్దరు ముగ్గురు నమస్కారం పెట్టి వెళ్లారు.

మొదటి రోజు శ్లాబు మీద పాత పూతంతా చెక్కేశారు. రెండో రోజు పొద్దున్నే శరభయ్యగారు తనిఖీకి వచ్చారు. సత్తిరాజు నీళ్ల ట్యాంకు వెనక బోర్లా పడుకున్నాడు. గుత్తేదారు అనుమతి లేనిదే అధికారి స్థలంలోకి అడుగు పెట్టరాదని నిబంధన ఉంది కాబట్టి, ఆయన రోడ్డు మీద నిలబడి ట్యాబు పైకెత్తారు. అది పచ్చగా వెలిగి, "హాజరు నమోదైనది" అంది.

"పేరు?" అన్నారు శరభయ్య.

అబద్ధం ఆడడానికి మాణిక్యానికి నోరు రాలేదు. "అయ్యా, అది దిష్టిబొమ్మండి."

"తప్పమ్మా. మీ దగ్గర పనిచేసే మనిషిని అంతలా కించపరచరాదు" అన్నారాయన, బాధగా. పేరు గడి ఖాళీగా ఉంచితే ట్యాబు ఒప్పుకోదు. అందులో ఉన్నవాటిలో "వర్తించదు" అనేది నొక్కి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మళ్లీ వచ్చారు. సాయంత్రం మళ్లీ వచ్చారు. అలా ఏడు రోజులు వచ్చారు. ఎప్పుడొస్తారో తెలియక ఆ ఏడు రోజులూ సత్తిరాజు ట్యాంకు వెనకే కాపురం పెట్టాడు. కంచుపేట చరిత్రలో మూడు పూటలా పనిలో ఉన్న గుత్తేదారును చూడడం శరభయ్యగారికి అదే మొదలు. చివరి రోజు ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "మంచి అభిరుచి గల మనిషి. ఇలాంటి సఫారీ నాకూ ఒకటి ఉండేదమ్మా" అని చెప్పి వెళ్లారు.

ఎనిమిదో రోజు బంట్రోతు కవరు తెచ్చాడు. లైసెన్సు నంబరు ఒకటి. శ్రీ వర్తించదు గారికి.

రేపు నిజం బయటపడితే మోసం కేసు పెడతారని, మాణిక్యం ఆ కవరు పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తి ఉన్నదున్నట్టు చెప్పేసింది. కుండ, గడ్డి, బొగ్గు మీసం, అన్నీ. శరభయ్యగారు లేచి తలుపు మూసి వచ్చి, నిబంధనల పుస్తకం తీసి మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివారు. చాలాసేపు పట్టింది.

"మొత్తం నలభై ఒక్క అర్హతలు" అన్నారు చివరికి. "పని మధ్యలో టీకి వెళ్లరాదు. వెళ్లలేదు. బీడీ కాల్చరాదు. కాల్చలేదు. అడ్వాన్సు పుచ్చుకుని వేరే ఊరు పోరాదు. పోలేదు. ఉదయమూ సాయంత్రమూ ఒకే మనిషిగా ఉండవలెను. ఉన్నాడు. పరీక్షలో అత్యధిక మార్కులు రావలెను. ఇతను పరీక్ష రాయలేదు గనక సున్నా. ఊళ్లో అదే అత్యధికం."

"ప్రాణం లేదు కదండీ."

"ప్రాణం అనే గడి ఎక్కడా లేదమ్మా. ఉంటే మంచిదే, కాదనను. దాన్ని అదనపు అర్హత కింద చూడగలం గాని, లేదన్న కారణం చేత తిరస్కరించలేం."

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని నవ్వాలో ఏడవాలో తెలియక కాసేపు రెండూ చేసింది. ఏమైతేనేం, పనికి అడ్డు పోయింది. సత్తిరాజు ట్యాంకు వెనక నుంచి లేచి, ఒళ్లు విరుచుకుని, శ్రీ వర్తించదు గారి సహాయకుడుగా పేరు రాయించుకుని సిమెంటు కలిపాడు. ఊళ్లో ఇళ్లు కారుతున్నవాళ్లంతా అరటిపళ్లతో వచ్చి, మా ఇంటికి కూడా కాస్త వస్తారా అని బొమ్మను అడిగి వెళ్లేవారు. ఆయన ఎవరి మాటా కాదనలేదు.

సరిగ్గా అప్పుడే ఇంకో ఉత్తర్వు వచ్చింది. మునిసిపల్ ఆఫీసు కూడా కారుతోంది. ఫైళ్లు తడుస్తున్నాయి. జిల్లాలో లైసెన్సున్న గుత్తేదారు ఒక్కరే కనుక ఆయన్ను తక్షణం డెప్యుటేషన్ మీద పంపవలెను. ఇద్దరు బంట్రోతులు రిక్షాబండి తెచ్చి, బొమ్మను సగౌరవంగా పడుకోబెట్టి తీసుకుపోయారు. గుత్తేదారు లేని స్థలంలో తాపీ కదిలితే సీలు.

ఇన్నాళ్లూ ఆగిన వాన చెక్కేసిన శ్లాబు మీద ఆ మధ్యాహ్నం పడింది. మూడు చోట్ల కారేది పదకొండు చోట్ల కారింది. ఇంట్లో గిన్నెలు అయిపోయాయి. మాణిక్యం మిషను మీద గొడుగు కట్టి, అరవై రెండు గుడ్డలూ మూటగట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శ్రావణానికి ఐదు రోజులుంది. గడ్డి కూరింది తను, మీసం గీసింది తను, ఇప్పుడు తన ఇంటికే ఆ బొమ్మ దక్కకుండా పోయింది.

అప్పుడు ఆమెకు ఒక మాట తట్టింది. గడ్డి తనదే గాని సఫారీ తనది కాదు. పాత రసీదు పుస్తకాలు తీసి తిరగేసింది. ఏడేళ్ల కిందటిదాంట్లో దొరికింది. "సఫారీ జత, నడుం రెండంగుళాలు వదులు. శరభయ్య, గుమాస్తా." ఆ నెలలో ఆమె మొదటిసారి మనసారా నవ్వింది.

మర్నాడు వెళ్లేసరికి ఆఫీసు వరండాలో బొమ్మ నిలబడి ఉంది. దాని మీద నీళ్లు కారుతున్నాయి. అది వచ్చింది గాని, శ్లాబు ఎక్కే సహాయకుణ్ని పిలవాలంటే వేరే టెండరు కావాలట.

"మీ సఫారీ సిద్ధమైందండి" అంది మాణిక్యం, రసీదు చూపించి. "రెండంగుళాలు వదులు చేశాను. ఆలస్యమైనందుకు ఏవనుకోకండి."

శరభయ్యగారు రసీదు చూశారు, బొమ్మను చూశారు. పెళ్లి నాటి ఫొటో దొరికినట్టు ఆయన ముఖం విచ్చుకుంది. "నాదే. నాదే అనుకున్నాను." ఆత్రంగా రికార్డు గదిలోకి వెళ్లి మార్చుకుని వచ్చారు. నడుం దగ్గర చక్కగా సరిపోయింది.

ఆఫీసులో బట్టల్లేకుండా బొమ్మ నిలబడితే మర్యాద కాదు. మాణిక్యం హెల్మెట్టు తీసి ఆయనకిచ్చి, ఆయన విప్పిన తెల్ల చొక్కా, ప్యాంటూ గడ్డి కూరి ఆ బొమ్మకు తొడిగి, నాలుగు పెన్నులూ జేబులో సర్ది, కారని చోటు అదొక్కటే గనుక ఆయన కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత ట్యాబు తీసుకుంది. రెండు వారాలుగా ఆమె దాన్ని చూస్తూనే ఉంది. అది ముఖం చూడదు, బట్ట చూస్తుంది. గళ్ల చొక్కా సంగతి జరిగిన రోజే ఆమెకు అనుమానం వచ్చింది. దర్జీకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"సఫారీలో ఒక ఫొటో తీయమంటారా సార్?"

"తియ్యమ్మా" అని ఆయన పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డారు.

ట్యాబు పచ్చగా వెలిగింది. "లైసెన్సు నంబరు ఒకటి, శ్రీ వర్తించదు. మీరు పని స్థలంలో లేరు. మీ స్థలం కడలి మాణిక్యం గృహం. పదిహేను నిమిషములలో చేరని ఎడల లైసెన్సు రద్దు, లైసెన్సు ఇచ్చిన అధికారిపై శాఖాపరమైన చర్య."

"డెప్యుటేషన్ ఇచ్చాం కదా" అన్నారు శరభయ్య, ట్యాబుతోనే.

"కాగితం మీదండి. ట్యాబులోకి ఎక్కించే సెక్షను వేరట కదండి" అంది మాణిక్యం.

ఆయన నిబంధనల మనిషి. గోడ గడియారం చూసి, చెప్పులు చేతపట్టుకుని వానలో పరుగెత్తారు.

తర్వాత వాన తెరిపిచ్చిన నాలుగు రోజులూ ఆయన మాణిక్యం డాబా మీద పిట్టగోడకు ఆనుకుని పచ్చ హెల్మెట్టుతో నిలబడ్డారు. పని మధ్యలో టీకి వెళ్లరాదు కనుక వెళ్లలేదు. సత్తిరాజు మాత్రం పూటకు రెండుసార్లు ఆయనకెదురుగా కూర్చుని తాగాడు. "సహాయకులకి ఆ నిబంధన లేదండి" అన్నాడు గ్లాసు ఊదుకుంటూ. "కొంచెం ఇటు జరగండి సార్. మీ నీడ పూత మీద పడుతుంది." మొదటిరోజు ఆయన కోపంగా చూశారు. మూడోరోజుకు సిమెంటులో ఇసుక ఎంత కలపాలో తనే అడిగి తెలుసుకున్నారు. చివరి సాయంత్రం సత్తిరాజు అలవాటు కొద్దీ ఆయన చుట్టూ గుమ్మడికాయ తిప్పి రోడ్డు మీద పగలగొట్టాడు.

శ్లాబు మీద నీళ్లు కట్టి రాత్రంతా నిలవబెట్టారు. పొద్దున మాణిక్యం మిషను మీద చెయ్యి వేసి చూసింది. పొడిగా ఉంది. మిషను పీట మీద అలాగే కూర్చుండిపోయి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత "పని పూర్తి" అని ట్యాబులో నొక్కి శరభయ్యగారిని వదిలిపెట్టింది. ఆయన సిమెంటు మరకల సఫారీతోనే ఆఫీసుకు నడిచారు.

గేటు దగ్గర కాపలా మనిషి గేటుకు ఇచ్చిన ట్యాబు ఎత్తాడు. "లైసెన్సు నంబరు ఒకటి. గుత్తేదారు. సందర్శకుల వేళ మూడు గంటలకు."

"నేను శరభయ్యను."

"శరభయ్యగారు లోపలున్నారు. నాలుగు రోజులుగా కుర్చీ కదల్లేదు. ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దని పెద్దసారు గట్టిగా చెప్పారండి."

కిటికీలోంచి చూస్తే తెల్ల చొక్కా, నాలుగు పెన్నులు కనిపించాయి. గుమాస్తాలు ఫైలు ముందు పెట్టి కాసేపు ఆగుతున్నారు. కొర్రీ రాకపోతే సమ్మతి కింద లెక్క. ఆ నాలుగు రోజుల్లో మూడు వందల పన్నెండు ఫైళ్లు కదిలాయి. కారే శ్లాబు ఫైలు కూడా కదిలి, ముప్ఫై ఇద్దరు మేస్త్రీలకూ లైసెన్సులు వచ్చేశాయి. ఉత్తమ అధికారి శాలువా సోమవారం కప్పుతారట.

శ్రావణ పాడ్యమి నాడు మధ్యాహ్నం మాణిక్యం పన్నెండో జాకెట్టుకు చేతులు అతుకుతోంది. బయట కుండపోతగా వాన పడుతోంది. శరభయ్యగారు తడిసి ముద్దయి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"తెల్ల చొక్కా ఒకటి కుట్టాలమ్మా. సరిగ్గా అదే బట్ట, అదే కాలరు, నాలుగు పెన్నులు పట్టే జేబు. సోమవారానికి కావాలి. లేకపోతే నన్ను నా కుర్చీ దగ్గరికి రానివ్వరు."

ఆమె మిషను ఆపి, టేపు తీసి, మెడ, భుజం, ఛాతీ ఓపిగ్గా కొలిచి రసీదు పుస్తకం తెరిచింది.

"పేరు దగ్గర ఏం రాయమంటారు సార్?"

ఆయన శరభయ్య అనబోయి ఆగారు. గేటు దగ్గరి ట్యాబు గుర్తొచ్చి ఉంటుంది. "వర్తించదు అని రాయమ్మా ప్రస్తుతానికి" అన్నారు.

రాసింది. రసీదు చింపి ఆయన చేతికిచ్చింది.

"ఎప్పటికి అవుతుందమ్మా?"

మాణిక్యం బీరువాలో మిగిలిన యాభై గుడ్డల వైపు చూసింది, అలవాటుగా ఒకసారి పైకి శ్లాబు వైపు చూసింది, గోడ మీద క్యాలెండరు చూసింది.

"శ్రావణం వెళ్ళాక రండి" అంది.